తొమ్మిదికి గేటు పడే ఊరు

మాది ఆత్మకూరు. నెల్లూరు వైపుండే ఆత్మకూరు కాదు, అనంతపురం ఆత్మకూరూ కాదు, వనపర్తి పక్కనుండేది అసలే కాదు. నల్లమల అంచునుండే కర్నూలు ఆత్మకూరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది, రెవెన్యూ డివిజను కూడా అయ్యింది. అయినా ఎవరైనా మీదే జిల్లా అని అడిగితే నా నోట్లోంచి మొదట కర్నూలే వస్తుంది. యాభై దాటినోళ్ళ నోళ్ళు గెజిట్ చూసి మారవు కదా.

మొన్న మా పిన్నమ్మ కొడుకు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "అన్నా, మన ఊర్లో ఒకప్పుడు సామిల్లులు చానా ఉండేవంట కదా, ఎందుకు పోయినాయి?" అని అడిగినాడు. వాడికి ఊరంటే బస్టాండు, సెలవులు, అంతే. చెప్పబోయినా. ఫోన్లో తెమిలే పని కాదనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

కర్నూలులో బయలుదేరిన రోడ్డు నందికొట్కూరు దాటి మా ఊరికొస్తుంది. మా ఊరు దాటి కాస్త పోతే బైర్లూటి. అక్కడినుంచి అడవి. మెలికలు తిరిగి తిరిగి అవతల దోర్నాల దగ్గర తేలుతుంది. మధ్య దూరం సుమారు అరవై కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం అడవే. దోర్నాలలో ఎడమకు తిరిగితే శ్రీశైలం, కుడికి తిరిగితే మార్కాపురం, ఒంగోలు. ఇప్పుడు దీనికి 340సీ అని జాతీయ రహదారి నంబరిచ్చినారు. మాకు మాత్రం అది దోర్నాల రోడ్డే.

మ్యాపులో కనబడేది ఈ ఒక్క రోడ్డే. నా చిన్నప్పుడు దీన్నుంచి చీలి అడవిలోకి పోయే కూపు దోవలు ఎన్నో ఉండేవి. తెలియని పిల్లకాయల కోసం చెప్తా: ఫారెస్టోళ్ళు అడవిని ముక్కలుగా గీసి, ఏ ఏడు ఏ ముక్కలో కొట్టాలో ముందే రాసిపెట్టుకునేవాళ్ళు. ఆ ముక్కే కూపు. వానలు తగ్గినాక కూపు తెరిచేవాళ్ళు. మొదటి పని చెట్టు కొట్టడం కాదు, దోవ బాగుచేయడం. వంకలు కోసేసిన చోట రాళ్ళు పేర్చి, మన్ను పోసి, పడిపోయిన కొమ్మలు తీసి, బండి పోయేటట్టు చేసేవాళ్ళు. ఆ పని నెలా నెలన్నర పట్టేది. కంట్రాక్టరు దుడ్లతోనే జరిగేది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తా.

మా నాయన ఒక కట్టె అడితిలో గుమాస్తా. బజారుకు కొంచెం పక్కగా అడితులన్నీ వరసగా ఉండేవి. టేకు, నల్లమద్ది, ఏగి, చిరుమాను, బిల్లుడు. టేకు తలుపులకు, గడపలకు. నల్లమద్ది దూలాలకు. చిరుమాను బండి ఇరుసులకు, కాడిమాన్లకు. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో మా ఊర్లో ఆరో తరగతి పిల్లోడు కూడా చెప్పేవాడు. బెరడు చూడకుండా, కోసిన ముఖం చూసి పేరు చెప్పడం మాకు ఆట.

నాయన చేతిలో ఎప్పుడూ టేపు, చెవి మీద పెన్సిలు. దుంగ నడుముకు టేపు చుట్టి, వచ్చిన కొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ పొడవుతో హెచ్చవేసేవాడు. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే పది ఘనపుటడుగులు. నోటి లెక్కే. నేను హైస్కూల్లో స్తూపం ఘనపరిమాణం నేర్చుకున్న కొత్తలో అదే దుంగకు పై పెట్టి లెక్కకట్టినా. పన్నెండున్నర దాటింది. నాయన తప్పు పట్టుకున్నానని సంబరం. పరిగెత్తుకుంటూ పోయి చూపిస్తే ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"దుంగ గుండ్రంగుంటాది, గడప పలకగుంటాది. ఆ మధ్యలోది రంపం తింటాది. దానికి దుడ్లు ఎవడిస్తాడు రా?" అన్నాడు.

వ్యాపారులంతా అదే లెక్క. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. రంపం తిన్నది మాత్రం వృథా పోయేది కాదు. అది మా ఇళ్ళకొచ్చేది.

పొట్టు పొయ్యి చూసినోళ్ళు ఇప్పుడెంతమంది ఉన్నారో. ఒక రేకు డబ్బా, అడుగున పక్కకు ఒక బొక్క. మధ్యలో సీసా నిలబెట్టి, బొక్కలోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, చుట్టూ రంపపు పొట్టు వేసి గట్టిగా కూరాలి. తర్వాత సీసాను తిప్పుతూ తిప్పుతూ పైకి తీయాలి. కర్ర లాగేయాలి. కింద బొక్కలో అంటిస్తే పొద్దుటిపూట వంటంతా ఒక్క పొయ్యి మీద అయిపోయేది. మా అమ్మ కూరితే మధ్యాహ్నం దాకా మండేది, నేను కూరితే అన్నం ఉడికేలోపల కూలిపోయేది. టేకు పొట్టుకు ఒక వాసన, నల్లమద్ది పొట్టుకు ఒక వాసన. తడి పొట్టు అయితే ఇల్లంతా పొగ, అవ్వ తిట్లు. పొద్దున ఆరు గంటలకే గోనెసంచులు పట్టుకుని మిల్లు ముందర వరస కట్టేవాళ్ళం. ఆ వరసలో జరిగిన కొట్లాటలు రాస్తే ఇంకో పోస్టవుతుంది.

కట్టె ఒక ఎత్తు, వెదురు ఇంకో ఎత్తు. సాధన వెదురు గట్టిది, ములక వెదురు ముళ్ళది, లావుది. బొంగులు ఊర్లలో తడికలకు, పందిళ్ళకు పోయేవి. పెద్ద లోడ్లు కర్నూలు దగ్గర గొందిపర్ల పేపరు మిల్లుకు పోయేవి. వెదురు లారీ ఊర్లోంచి పోతుంటే వెనక బొంగుల చివర్లు నేలకు రాసుకుని గీతలు పడేవి. వెదురు కొట్టే పనిలో చెంచులు ఎక్కువ. బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు గూడేల నుంచి వచ్చేవాళ్ళు. కూపు మేస్త్రి చదువుకున్నాయన, చెంచు చదువులేనాయన. కానీ అడవిలో దోవ తప్పితే మేస్త్రే చెంచు వెనక నడవాలి.

గిద్దలూరు వైపు ఇదే కథ రైలు మీద నడిచింది. చెలమ, దిగువమెట్ట స్టేషన్లలో మీటరు గేజి కాలంలో వెదురు, కట్టె గుట్టలు గుట్టలుగా ఉండేవి. మా మేనమామ ఒకాయన అటువైపు పనిచేసేవాడు. బొగద సొరంగం, దొరబావి వంతెన మీదుగా ఆ రైల్లో పోవడం ఒక సంబరం. లైను బ్రాడుగేజి చేసినప్పుడు దొరబావి వంతెనను వదిలేసి వేరే దోవ వేసినారు. 1880ల్లో కట్టిన వంతెన అది.

పులుల సంగతి మాకు తెలుసు గానీ పులుల చట్టాల సంగతి తెలియదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో వచ్చింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి చేరింది. అప్పట్లో 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలోనే అంత పెద్ద పులుల అడవి ఇంకోటి లేదు. ఆ అంకె మా స్కూలు గోడ మీద కూడా రాసినారు. మేం దాన్ని జనరల్ నాలెడ్జి ప్రశ్న అనుకున్నాం. మా నాయన జీతానికి దానికి సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు. కూపులు ఏటేటా తగ్గుతా వచ్చినాయి. వేలంపాటకు నంద్యాల, ప్రొద్దుటూరు నుంచి వచ్చే వ్యాపారులు తగ్గినారు. అప్పటికీ, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తెరుస్తారులే అనుకున్నాం.

1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎక్కడో గూడలూరు అడవుల మీద గోదావర్మన్ తిరుమల్పాడ్ అనే కేరళ ఆయన వేసిన కేసు. కేంద్రం ఒప్పుకోనిదే దేశంలో ఏ అడవిలోనూ అడవి పని కానిది జరగకూడదు, సామిల్లులు కూడా నడవకూడదు అన్నారు. ఆ పేరు మా ఊర్లో ఎవరి నోరూ తిరగలేదు. కానీ రంపం ఆగింది. 2000 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తర్వు: అభయారణ్యాల్లో ఎండిపోయిన చెట్టు, గాలికి పడిపోయిన చెట్టు కూడా తీయకూడదు. అప్పటిదాకా పడిపోయిన చెట్ల మీద ఆశ పెట్టుకున్నోళ్ళకు అదీ పోయింది. మా నాయన పనిచేసే అడితి ఆయన మిషను అమ్మేసినాడు. నాయన ఆ తర్వాత ఎరువుల అంగట్లో లెక్కలు రాసినాడు. టేపు మాత్రం జేబులోనే ఉండేది.

నా ఉద్దేశంలో ఆ తీర్పు తప్పు కాదు. మేం కొట్టినంత కొట్టుకుంటూ పోయుంటే నా కొడుక్కి నల్లమల కాదు, నల్లరాళ్ళు మిగిలేవి. కూపు అయిపోయినాక ఆ కొండ ఎట్లుండేదో చూసినోణ్ణి నేను. కానీ ఆ తీర్పు చదివిన వాళ్ళెవరూ మా సామిల్లు కార్మికుడు రేపు ఏం చేయాలో ఒక్క వాక్యం రాయలేదు. ఈ రెండూ నిజాలే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది దోవల సంగతి. కూపులు ఆగినాక అడవి లోపలి దోవలను ఎవరూ మూయలేదు. బోర్డు పెట్టలేదు, గేటు పెట్టలేదు. బాగుచేయడం ఆగిపోయింది, అంతే. ఒక వానాకాలానికి వంకల దగ్గర రాళ్ళు కొట్టుకపోయినాయి. రెండో వానాకాలానికి బండి చాళ్ళు నీళ్ళు పారి గాడులైనాయి. మూడో ఏటికి ముళ్ళకంపలు అల్లుకున్నాయి. ఫారెస్టోళ్ళు గేట్లు పెట్టేనాటికి సగం దోవలను వానే మూసేసింది. పట్నంలో చాలామంది అనుకుంటారు, అడవిలో దోవ ఒకసారి వేస్తే ఉండిపోతుందని. ఉండదు. ప్రతి ఏడూ దుడ్లు పెట్టాల. ఆ దుడ్లు కట్టెలోంచి వచ్చేవి. కట్టె పోయినాక దోవకు దిక్కు లేదు.

దాంతో చిన్న చిన్న పనులన్నీ తెగిపోయినాయి. కుంకుళ్ళు, తేనె, చింతపండు సంతకు తెచ్చే చెంచులకు ఇంతకుముందు కూపు లారీ ఎక్కి వచ్చే వసతి ఉండేది. ఇప్పుడు నడక. లోపల గుడులకు పోయేవాళ్ళు, ఎద్దు తప్పిపోతే వెతికేవాళ్ళు, అందరూ అంచులోనే ఆగిపోయినారు.

అయినా పెద్ద రోడ్డు మిగిలింది కదా. కట్టె పోయినాక మా ఊరిని కొన్నేళ్ళు నిలబెట్టింది ఆ రోడ్డే. బళ్ళారి, కర్నూలు వైపు నుంచి కోస్తాకు పోయే లారీలు మా ఊర్లో ఆగి పోయేవి. అడవిలో ఏం దొరకదు గనక ఇక్కడే డీజిలు, ఇక్కడే టైర్లకు గాలి, రేడియేటరుకు నీళ్ళు, డ్రైవరుకు అన్నం. ఒంటరిగా పోవడానికి భయపడి నాలుగైదు లారీలు జత కూడేదాకా హోటళ్ళ ముందు నులకమంచాల మీద కూర్చునేవాళ్ళు. రాత్రి రెండింటికి కూడా మా ఊర్లో దోసె దొరికేది. తెల్లారుజామున నాలుగింటికి ఉగ్గాని, బజ్జీ. డిగ్రీ పరీక్షలకు చదివేటప్పుడు మేం నిద్ర రాకుండా ఆ హోటళ్ళ దగ్గరికే పోయేవాళ్ళం. గుంటూరు ఘాటు ఏందో, ఒంగోలు యాస ఏందో, హుబ్లీ బూతులేందో అక్కడే తెలిసింది. సామిల్లులో పని పోయినోళ్ళు చానామంది పంచరు షాపులు, టీ కొట్లు పెట్టుకుని తేరుకున్నారు.

ఆ తర్వాత అడవి మీద వేరే భయం వచ్చింది. నక్సలైట్ల కాలం. కూంబింగులు, మందుపాతరలు, ఎదురుకాల్పులు. రాత్రి అడవిలో బస్సు ఆపితే ఎవరు ఆపినారో తెలిసేది కాదు. అడవిలోపల మిగిలిన దోవల మీద పోలీసులు కూడా కాలు పెట్టడానికి వెనకాడినారు. 2004 అక్టోబరులో చర్చల కోసం మావోయిస్టు నాయకులు దోర్నాల దగ్గర చిన్నారుట్లలో బయటికి వచ్చినప్పుడు ఆ గూడెం పేరు పేపర్లలో చూసి మా నాయన, "ఈడ మాకు వెదురు కూపు ఉండె" అన్నాడు. దేశమంతా శాంతి చర్చల గురించి మాట్లాడుతుంటే ఆయనకు గుర్తొచ్చింది అది.

చివరికి గేటు వచ్చింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండి పోకూడదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేవాళ్ళకు మన్ననూరు దగ్గర ఇదే లెక్క, వాళ్ళకు తెలుసు. కారణం సబబే. రాత్రిపూట అడవి జంతువులది. లారీ లైట్ల వెలుగులో బిత్తరపోయి నిలబడే దుప్పిని నేనూ చూసినా, తెల్లారి రోడ్డు పక్కన పడున్న దాన్నీ చూసినా.

కానీ గేటు పడిన ఆరు నెలల్లోనే మా ఊరి రాత్రి చచ్చిపోయింది. లారీలు తొమ్మిదిలోపల దాటిపోవాలని మా ఊర్లో ఆగకుండా ఉరికేవి. ఆలస్యమైతే నంద్యాల, గిద్దలూరు మీదుగా చుట్టు తిరిగి పోయేవి. ఒకసారి ఆ చుట్టుదోవ అలవాటయినాక డ్రైవర్లు పగలు కూడా మా వైపు రావడం తగ్గించినారు. హోటళ్ళు ఒక్కొక్కటే రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించడం మొదలుపెట్టినాయి. పంచరు షాపు ఆయన కొడుకు హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు అయినాడు. అడితి పోయినప్పుడు పని మారింది గానీ జనం ఊర్లోనే ఉన్నారు. రాత్రి పోయినప్పుడు జనమే పోయినారు. నాకు ఈ రెండోదే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. ఎందుకో దీని గురించి ఎవరూ మాట్లాడరు. కట్టె వ్యాపారం మీద రాసేవాళ్ళున్నారు, పులుల మీద రాసేవాళ్ళున్నారు, రాత్రి రెండింటి దోసె మీద రాసేవాడు లేడు.

ఇంకోటి పెండ్లి సంబంధాలు. మా మేనత్తను దోర్నాల కిచ్చినారు. ఆ కాలంలో అటు పిల్లను ఇటు, ఇటు పిల్లను అటు ఇచ్చుకోవడం మామూలు. మధ్యలో అడవి ఉందని ఎవరూ లెక్కపెట్టలేదు, సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి అత్త ఇల్లు. గేటు వచ్చినాక పెద్దోళ్ళు ఆలోచన చేసేది మారింది. "పిల్లకు రాత్రి కడుపునొప్పి వస్తే మనం పోగలమా?" అనేది మొదటి ప్రశ్న. నంద్యాలకో కర్నూలుకో ఇచ్చుకుంటే నయం అన్నారు. ప్రాణం మీదికొస్తే గేటు తీస్తారు, అది నిజం. కానీ పుట్టింటోళ్ళ బెంగ ప్రాణం మీదికి వచ్చిందాకా ఆగదు కదా. మా తరంలో అటువైపు పోయిన ఆడపిల్లలు చానా తక్కువ. మేనత్త కాలం చేసిందని రాత్రి పదకొండుకు కబురొస్తే, నాయన బట్టలు మార్చుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. చుట్టు తిరిగి పోదామంటే, ఆరింటికి గేటు తీసినాక ఈ దోవనే పోయినా పెద్ద తేడా ఉండదన్నాడు. లెక్కలాయన కదా, ఆ లెక్కా కట్టేసినాడు.

ఏడాదికి రెండుసార్లు మాత్రం అడవి తెరుస్తారు. శివరాత్రికి, ఉగాదికి. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి నడకదారి. నలభై కిలోమీటర్లకు పైన. అదే బస్సులో దోర్నాల తిరిగి పోతే నూటికి పైన. శివరాత్రికి మనోళ్ళు, ఉగాదికి కన్నడిగులు. భ్రమరాంబ వాళ్ళ ఆడపడుచు, మల్లన్న వాళ్ళ అల్లుడు. చీరె, సారె నెత్తిన పెట్టుకుని బాగల్కోటు, బిజాపూరు వైపుల నుంచి నడిచి వస్తారు. అరికాళ్ళకు బొబ్బలు, గుడ్డలు చుట్టుకుని, అయినా పాడుతా పోతారు. ఆ వారం రోజులు మా ఊర్లో మళ్ళీ రాత్రి ఉంటుంది. మజ్జిగ పందిళ్ళు, అన్నదానాలు, కాళ్ళకు నూనె పూసే పిల్లకాయలు. నీళ్ళ ట్యాంకర్లు, ట్రాక్టర్లు అడవిలోకి పోవడానికి అనుమతిస్తారు, దాని కోసం దోవ కాస్త సదును చేస్తారు.

ఒక శివరాత్రికి నాయనతో ఆ దోవన నడిచినా. అందరూ శివయ్య పేరు చెప్పుకుంటా నడుస్తుంటే ఆయన కూపులు చెప్పుకుంటా నడిచినాడు. ఇది ఫలానా ఏటి కూపు. ఇక్కడ మా గుడిసె. ఈ వంక దగ్గర బండి తిరగబడె. ఈ మద్దిచెట్టుకు అప్పుడు ముద్ర కొట్టలేదు, తొర్ర ఉందని వదిలేసినాము, చూడు ఎంత లావైందో. నాగలూటి దాటినాక రెడ్డిరాజుల మెట్లు వస్తాయి. ప్రోలయ వేమారెడ్డి కాలం నాటివంటారు. ఆ మెట్ల మీద కూర్చుని, "వీళ్ళు రాయితో వేసినారు, అందుకే ఉంది" అన్నాడు. భీముని కొలను దిగుడు దగ్గర మోకాళ్ళు పట్టేసి మాట పడిపోయింది గానీ లేకపోతే ఇంకా చెప్పేవాడే.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయింది. ఆ రాత్రి, మర్నాడు మా ఊరు నిండా బండ్లు, పోలీసులు, టీవీలోళ్ళు. అడవి అంత పెద్దది, లోపలికి దోవ లేదు. మా వీధి అరుగుల మీద కూపులెరిగిన ముసలోళ్ళు చేరి, రుద్రకోడూరు మీదుగా పోవాలని ఒకాయన, ఆ దోవ వంక దగ్గర తెగిపోయి ఎన్నేళ్ళయింది అని ఇంకొకాయన, రాత్రంతా వాదించుకున్నారు. వాళ్ళ తలకాయల్లో ఉన్న మ్యాపు ఇరవై ఏళ్ళ కిందటిది. మర్నాడు పావురాలగుట్ట మీద ఆకాశం నుంచే కనుక్కున్నారు. ఇప్పుడు నల్లకాలువ దగ్గర స్మృతివనం ఉంది, బయటూరోళ్ళు కార్లలో వచ్చి చూసి పోతారు.

పులులు పెరిగినాయి. 2023 మార్చిలో మా పక్కన కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో ఊరి దగ్గరికే నాలుగు పులికూనలొచ్చినాయి. తల్లి దగ్గరికి చేర్చాలని ఫారెస్టోళ్ళు రాత్రింబవళ్ళు తిరిగినారు, కుదరలేదు. తిరుపతి జూకు పంపినారు. ఆ నాలుగు రోజులు మా ఊర్లో ఎవరిని కదిలించినా అదే మాట. నాకు గమ్మత్తనిపించింది ఏందంటే, ఒకప్పుడు కూపుల్లో వెదురు కొట్టిన చెంచుల కొడుకులే ఇప్పుడు అడవిలో కాపలా తిరుగుతున్నారు. పులి అడుగులు కొలిచేదీ వాళ్ళే, కెమెరాలు కట్టేదీ వాళ్ళే. అడవిని ఎరిగినోడికి ఏ కాలంలోనైనా ఏదో ఒక కూలి ఉంది. అడితి వరసలో ఉన్న మాకే లేకుండా పోయింది.

బైర్లూటిలో ఇప్పుడు జంగిల్ క్యాంపు ఉంది. గుడారాలు, సఫారీ జీపులు. బంధువుల పిల్లలొస్తే నేనూ తీసుకపోయినా. టికెట్టు కొని జీపెక్కి మా నాయన లెక్కలు రాసిన దోవల్లోనే పోయినాము. గైడు పిల్లోడు మంచోడు, చెట్ల పేర్లు చెప్తున్నాడు. ఏగి చెట్టును చూపించి మద్ది అన్నాడు. నోరు మెదపలేదు. వాళ్ళకైనా ఆ దోవ అన్నం పెడుతోంది కదా అనుకున్నా. కాకపోతే క్యాంపుకొచ్చే హైదరాబాదోళ్ళు నేరుగా క్యాంపుకే పోతారు. మా ఊర్లో ఆగేది కూల్‌డ్రింకులకే.

గుర్తొచ్చింది, పోయినేడు మా ఇల్లు తిరగ్గట్టుకున్నాం. గడపకు కట్టె కావాలని అడిగితే అంగడాయన నైజీరియా టేకు చూపించినాడు, మలేషియా కట్టె చూపించినాడు. ఇంటి మేడెక్కితే నల్లమల కనబడుతుంది. పాత ఇంటి గడప నాయన కొలిచి తెచ్చిన నల్లమల టేకు. చెద పట్టలేదు, వంగలేదు. దాన్నే పాలిష్ పెట్టించి మళ్ళీ నిలబెట్టినా.

ఈ మధ్య రోడ్డు వెడల్పు సంగతి మళ్ళీ లేచింది. కర్నూలు నుంచి మా ఊరి దాకా ఎంతైనా వెడల్పు చేసుకోవచ్చు, అడవిలో మాత్రం కుదరదు. కొందరు పైవంతెన వేస్తే జంతువులు కింద పోతాయి, బండ్లు పైన పోతాయి అంటారు. కొందరు గేటు పదకొండుకు మారిస్తే చాలంటారు. నన్నడిగితే గేటు ఉండనీ. దానికి బదులు మా ఊర్లో ఒక మంచి ఆసుపత్రి, దోర్నాలలో ఒకటి పెట్టండి. రాత్రి అడవి దాటాల్సిన అవసరమే సగం తగ్గుతుంది. ఇది చెప్తే మా స్నేహితులు, "నీకు లారీ హోటలు లేదు కాబట్టి అట్లంటావు" అంటారు. అదీ నిజమే.

రాత్రి అడవి దాటే సంగతి అనగానే గుర్తొచ్చింది, మా అన్న కొడుక్కి మార్కాపురం సంబంధం కుదిరింది. చానా ఏళ్ళకు అటువైపు సంబంధం. ఇద్దరూ బెంగుళూరులో ఒకే ఆఫీసు, మనం కుదిర్చింది ఏం లేదు. పెండ్లి వాళ్ళ ఊర్లో. అయ్యవారు ముహూర్తం పొద్దున ఏడూ ఇరవైకి పెట్టినాడు. నాలుగు బస్సుల జనం, ఆరింటికి గేటు తీస్తే ఏడూ ఇరవైకి మార్కాపురం ఎట్ల చేరతారు? ఆడపెండ్లివాళ్ళ పెదనాన్న ఫోన్ చేసి, "బావగారూ, ముందు రోజు సాయంత్రమే దాటేయండి, పడకలకు సత్రం మాట్లాడినాము, దుప్పట్లు మాత్రం మీరు తెచ్చుకోవాల" అన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో దుప్పట్ల లెక్క నడుస్తోంది.